ఎమ్రిస్ తలుపు తీయలేదు

"కోసేయమంటారా అమ్మా?" అని టెరెన్స్ మళ్ళీ అడిగాడు.

గొలుసులు తెంపే పొడవాటి కత్తెర అతని చేతిలో ఉంది. సాయం లేనిదే ఉండలేనివాళ్ళని చూసుకునే కంపెనీలో, వాళ్ళ ఇళ్ళల్లో కుళాయిలు, కిటికీలు బాగుచేసే మనిషి అతను. ఇలాంటి పనికి పిలుస్తారని పాపం పొద్దున్న లేచినప్పుడు అనుకోలేదు. కత్తెరను వీపు వెనక దాచుకోవాలని చూస్తున్నాడు గానీ, అది దాగే సైజులో లేదు.

గ్లెనిస్ తమ్ముడి గుమ్మం ముందు, సముద్రం వైపు నుంచి కొడుతున్న తుంపరలో, కౌల్ పులుసు గిన్నెను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. గొర్రెమాంసం, దుంపలు, లీక్ అనే లావు ఉల్లికాడలు వేసి నిన్న కాచింది. కౌల్‌కి మర్నాటికి గానీ రుచి రాదు. ఎమ్రిస్ దాని కోసం ప్రాణం పెడతాడు. అలాంటివాడు ఇవాళ వాసన తగిలినా కదల్లేదు.

గ్లెనిస్ తన దగ్గరున్న తాళంచెవితో తాళమైతే తీసింది. తలుపు నాలుగు వేళ్ళ మేర తెరుచుకుని, లోపలి గొలుసుకు తగిలి ఆగిపోయింది. ఆ సందులోంచి కోటు తగిలించిన కొక్కెం, ఎర్ర రగ్బీ జెర్సీ చెయ్యి ఒకటి మాత్రం కనపడుతున్నాయి.

"నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే తంతు," అంది లినెట్. పోర్త్‌కాల్ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళన్నిటికీ కంపెనీ తరఫున ఆవిడే మేనేజరు. "సాయానికొచ్చే మా అమ్మాయిల్ని ఒక్కరిని కూడా రానివ్వలేదు. రాత్రి వచ్చినామె కిటికీలోంచి మనిషి కదులుతున్నాడని చూసుకుని వెళ్ళిపోయింది. పొద్దున షానన్ వస్తే 'పో' అన్నాడట. ఇట్లా ఎన్నాళ్ళండీ? లోపల పడిపోతే ఎవరు బాధ్యులు?"

పడిపోతే.

మార్చిలో అదే జరిగింది. వంటింట్లో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అప్పుడు డ్యూటీలో ఉన్నామె బయట నిలబడి బెల్ కొట్టీ కొట్టీ, చివరికి ఫైరింజన్ వాళ్ళని పిలిచి తలుపు పగలగొట్టించాల్సి వచ్చింది. గ్లెనిస్ పరుగున వచ్చేసరికి తమ్ముడు నేల మీదే ఉన్నాడు. చెంప టైల్స్‌కి అంటుకుపోయి ఉంది, ప్యాంటు తడిసిపోయి ఉంది. నలభై దాటినవాడు ఆమె కళ్ళకి నాలుగేళ్ళవాడిలా కనిపించాడు. ఆ రాత్రి ఆమె పడుకోలేదు. తెల్లారగానే కంపెనీ మీద పడింది. వాళ్ళు ఊ అనేదాకా రోజూ ఫోన్ చేసింది. అప్పుడు బిగించారు గుమ్మం పక్కన గోడకి ఆ నల్ల పెట్టె. పైన అంకెలుంటాయి. సరైన అంకెలు నొక్కితే మూత తెరుచుకుంటుంది, లోపల తాళంచెవి ఉంటుంది. అప్పటినుంచీ గ్లెనిస్ కాస్త కంటినిండా నిద్రపోతోంది.

లినెట్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"గ్లెనిస్ గారూ, బ్రిడ్జెండ్ ఊరి అవతల, ఇలాంటివాళ్ళని ఉంచుకునే హోమ్‌లో ఒక గది ఖాళీ అయింది. రాత్రీ పగలూ మనుషులుంటారు. సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. సోషల్ వర్కర్ మీ మాట కోసమే చూస్తోంది. మీరు వెళ్ళమంటే ఎమ్రిస్ కాదనడని ఆవిడ నమ్మకం."

ఆ నమ్మకం తప్పు కాదు. అమ్మ పోయాక ఈ ఇల్లు చూసిందీ గ్లెనిసే, కర్టెన్లు కుట్టిందీ గ్లెనిసే. ఇల్లు ఎమ్రిస్ పేరు మీద అద్దెకు ఉంది. చిన్నప్పటి నుంచీ ఫిట్స్, నెమ్మది బుద్ధీ ఉన్నవాడు కాబట్టి వండుకోవడానికి, మాత్రలకి, బజారుకి సాయంగా కంపెనీ మనుషులు వంతులవారీగా వస్తారు. పేరుకి అతని ఇల్లే. అయితే ఇందులో అక్క చెప్పని మేకు ఒక్కటి కూడా గోడకి దిగలేదు.

సరే అనేయాలని గ్లెనిస్‌కి గొంతుదాకా వచ్చింది. సరే అంటే ఇంక అర్ధరాత్రి ఫోన్ మోగదు. ఆ ఆశ పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీరిద్దరూ పోయి కారులో కూర్చోండి," అంది. "వాడితో నేను మాట్లాడతా."

"కత్తెర?" అన్నాడు టెరెన్స్.

"దాన్ని కూడా కూర్చోబెట్టు."

వాళ్ళు వెళ్ళాక గ్లెనిస్ గిన్నె కింద పెట్టి, కోటు సర్దుకుని, తడి మెట్టు మీదే కూలబడింది. మోకాళ్ళు కటుక్కుమన్నాయి. తలుపు సందుకి భుజం ఆనించింది.

"ఒరేయ్ ఎమ్రిస్."

జవాబు లేదు.

"నేనురా, అక్కని."

"తెలుసు."

"మాత్రలు వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"నిన్న రాత్రివా, ఇవాళ పొద్దుటివా?"

"రెండూ. నీలంది పొద్దున, తెల్లది రాత్రి. నాకు తెలుసు. నీ బీపీ మాత్రే నువ్వు మర్చిపోతావు."

అదీ నిజమే. గ్లెనిస్ మాట మార్చింది.

"తలుపు తియ్యి. తడిసిపోతున్నా."

"గొడుగు తెచ్చుకోవాల్సింది."

"గొడుగు పట్టుకోడానికి నాకు మూడో చెయ్యి లేదురా! రెండు చేతులా నీకు కౌల్ మోసుకొచ్చా."

ఎమ్రిస్ ఆలోచించేటప్పుడు తొందరపెట్టకూడదు. తొందరపెడితే మాట మళ్ళీ మొదటికి వెళ్ళిపోతుంది.

"ఎంత తెచ్చావు?"

"ఎంతేమిటి? గిన్నెడు."

"ఇద్దరికి సరిపోద్దా?"

"నాకొద్దులే, నేను తినే వచ్చా. అంతా నీకే."

ఎర్ర జెర్సీ చెయ్యి లోపలికి జరిగింది. చెయ్యి కూడా కనపడకపోయేసరికి గ్లెనిస్‌కి కోపం నషాళానికెక్కింది.

"ఇదేం మొండితనంరా? ఆ పిల్ల షానన్ నిన్నేం చేసింది? అన్నం పెట్టడానికి వస్తే గుమ్మంలోంచి తరిమేస్తావా?"

"షానన్ మంచిది. కేకులు తెస్తుంది."

"మరింకేంటి నీ బాధ? నిన్ను బ్రిడ్జెండ్ తీసుకుపోతారు తెలుసా? ఇవాళే. హోమ్‌కి. అక్కడ నీ గదికి గొలుసు కూడా ఉండదు."

అన్నాక నాలుక కరుచుకుంది. అలా చెప్పాలని రాలేదు.

లోపలి నుంచి మెల్లగా, "నువ్వేం చెప్పావు?" అని వినపడింది.

గ్లెనిస్ గిన్నె మూత సర్దింది.

"అక్కా. వాళ్ళకి నువ్వేం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు."

"ఏం చెప్తావు?"

వీధి చివర సముద్రపు కాకులు ఎవరో పారేసిన చిప్స్ పొట్లం కోసం కొట్టుకుంటున్నాయి. గ్లెనిస్ అటు చూస్తూ కూర్చుంది. అబద్ధం చెప్పాలంటే నోరు రాలేదు, నిజమేమిటో తనకే తెలీదు.

"నాకు భయంరా," అంది చివరికి. "గొలుసేసుకుని లోపల పడిపోతే నేనేం చెయ్యను? తలుపవతల నువ్వు, ఇవతల నేను. చూస్తూ కూర్చోనా?"

"పడతా," అన్నాడు ఎమ్రిస్. ధైర్యం చెబుతున్నట్టే అన్నాడు. "ఇక్కడా పడతా. అక్కడా పడతా. అమ్మ ఉన్నప్పుడూ పడ్డా. మీ ఇంట్లో పడ్డా, క్రిస్మస్‌కి. నీ కప్పులన్నీ పగిలాయి."

"కప్పులు పోతే పోయాయిలే."

"అప్పుడు ఏడ్చావుగా."

"కప్పుల కోసం కాదురా వెర్రినాగన్నా."

సందులోంచి చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు వినేసరికి గ్లెనిస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చెప్పరా నాన్నా. ఎందుకు గొలుసేసుకున్నావు?"

సందులోంచి ఒక లావుపాటి వేలు బయటికొచ్చింది. అది గోడ మీది నల్ల పెట్టె వైపు చూపించింది.

"అది."

"అదేం చేసింది?"

"డిలిస్ బెల్ కొట్టేది," అన్నాడు ఎమ్రిస్. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "నేను వచ్చేవాణ్ణి. నేనే తీసేవాణ్ణి. 'గుడ్ మార్నింగ్ ఎమ్రిస్, లోపలికి రావచ్చా' అనేది. నేను రమ్మనేవాణ్ణి. ఒక్కోసారి ఇప్పుడొద్దు అనేవాణ్ణి. అప్పుడు గోడ మీద కూర్చునేది."

గ్లెనిస్‌కి గుర్తుంది. మోకాళ్ళు అరిగిపోయి, పోయినేడు ఈ కంపెనీలో పని మానేసిన డిలిస్. ఫ్లాస్కు పక్కన పెట్టుకుని పిట్టగోడ మీద కూర్చుని టీ తాగుతుంటే చూసి, జీతం తీసుకుని షికారు చేస్తోందని గ్లెనిసే ఒకసారి లినెట్ దగ్గర వాపోయింది.

"ఇప్పుడు టక్ టక్ టక్ నొక్కుతారు. వచ్చేస్తారు. నేను స్నానంలో ఉన్నా వస్తారు. తలుపు తోసి 'టవలు ఇదుగో' అంటారు. నేను అడగలేదు టవలు. నేను నిద్రపోతుంటే కర్టెన్ లాగేస్తారు. బుధవారం..."

"బుధవారం ఏమైంది?"

"పాటలు పెట్టుకున్నా. సోఫాలో ఉన్నా. షానన్ వచ్చేసింది. 'టైమైపోయింది, ఇంక చాలు' అంది. లైటు వేసేసింది."

"లైటేస్తే ఏమైందిరా?"

సందులోంచి వేలు చటుక్కున లోపలికి పోయింది. సిగ్గుపడుతున్నాడని మాత్రం అర్థమైంది. సిగ్గు ఎందుకో అడగాలనిపించలేదు.

"అది నా తలుపు అక్కా," అన్నాడు. "మీరందరూ చెప్పారు. నువ్వూ చెప్పావు. ఎమ్రిస్, ఇది నీ తలుపు అని."

చెప్పింది. ఇల్లు మారిన రోజు ఇదే మెట్టు మీద నిలబెట్టి చెప్పింది. అప్పుడు ఎమ్రిస్ తలుపు తీయడం, వేయడం, మళ్ళీ తీయడం, నవ్వడం. సామాన్లు మోసేవాళ్ళు విసుక్కున్నా మానలేదు.

గ్లెనిస్ లేచి కారు దగ్గరికి పోయింది. లినెట్ అద్దం దించింది.

"మీ పిల్లలు బెల్ కొట్టరా?"

లినెట్ నీళ్ళు నమిలింది. "కొట్టేవాళ్ళే. పెట్టె వచ్చాక... ఆ పెట్టె మీరే కదా గ్లెనిస్ గారూ పెట్టించింది? నా ప్రాణం తీశారు దాని కోసం."

"ఫిట్స్ వచ్చినప్పుడు తీయడానికి పెట్టమన్నాను. వాడు స్నానం చేస్తుంటే తలుపు తోసుకు రమ్మనలేదు."

"నాకు తెలీదా? నేనూ ఈ పని చేసి వచ్చినదాన్నే." లినెట్ మొహం ఒక్కసారిగా అలసిపోయింది. "ఒక్కో ఇంటికి వాళ్ళకిచ్చేది అరగంట. బెల్ కొట్టి, ఎమ్రిస్ చెప్పులు వెతుక్కుని, మెట్లు దిగి, గడియ తీసేసరికి అందులో సగం పోద్ది. తర్వాతి ఇంట్లో ఒకాయన మంచం మీద నుంచి లేవడానికి ఈ పిల్ల కోసమే ఎదురుచూస్తుంటాడు. ఎవరిని ఆపమంటారు? మీరే చెప్పండి."

గ్లెనిస్‌కి ఆ పిల్లల మీద కూడా అంత కోపం రాలేదు.

"నాకదంతా తెలీదు లినెట్. వాడు హోమ్‌కి పోవాల్సిన జబ్బేం రాలేదు. తలుపు తట్టమంటున్నాడు, అంతే. బెల్ కొట్టాలి, ఆగాలి. వాడు పలక్కపోతేనే పెట్టె. అలా ఒప్పుకోండి."

"ఎంతసేపు ఆగాలి?"

ఇద్దరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. టెరెన్స్ కూడా వెనకే వచ్చాడు, కత్తెర లేకుండా. లినెట్ వంగి సందులోంచి మర్యాదగానే అడిగింది.

"ఎమ్రిస్, బెల్ కొట్టాక మా అమ్మాయిలు ఎంతసేపు ఆగాలయ్యా?"

ఎమ్రిస్ ఆలోచించాడు. అందరూ తుంపరలో నిలబడి ఆ ఆలోచన అయ్యేదాకా ఆగారు.

"ఒక పాట," అన్నాడు.

"పాటేంటి?"

"చాపెల్‌లో పాడే దేవుడి పాట. మొత్తం. అన్ని చరణాలూ. బయట నిలబడి పాడాలి. పాట అయిపోయినా నేను రాకపోతే పడిపోయినట్టు. అప్పుడు పెట్టె."

లినెట్ నడుము మీద చేతులు వేసుకుంది. "మా పిల్లలకి చాపెల్ పాటలు రావు తండ్రీ. షానన్ పుట్టాక ఒక్కసారి కూడా చాపెల్ గడప తొక్కి ఉండదు."

"నేర్చుకోవాలి," అన్నాడు ఎమ్రిస్.

"నేను నేర్పిస్తా," అన్నాడు టెరెన్స్ ఉన్నట్టుండి. అందరూ అతని వంక చూసేసరికి చెవులు ఎర్రబడ్డాయి. "కోరస్‌లో పాడతాలెండి. రెండో వరసలో."

లినెట్‌కి నవ్వాగలేదు. ఆవిడ నవ్వు వినపడి లోపల ఎమ్రిస్ కూడా నవ్వాడు. ఇంక చిక్కు విడిపోయిందనుకుంది గ్లెనిస్.

"పాటకి నేను ఒప్పుకున్నా," అంది లినెట్. "హోమ్ సంగతి మాత్రం సాయంత్రంలోగా తేల్చాల్సిందే. ముందు గొలుసు తీయించండి, నేను మనిషిని కళ్ళారా చూడాలి." అని, ఫోన్ మోగితే గేటు వైపు నడిచింది.

"విన్నావుగా?" అంది గ్లెనిస్ గిన్నె అందుకుంటూ. "తియ్యి గొలుసు."

"నీది?"

"నాదేంటి?"

"నీ తాళంచెవి."

అర్థం కానట్టు చూసింది. సందులోంచి అరచెయ్యి బయటికొచ్చింది, వెల్లకిలా.

"నాకా చెబుతున్నావు? నేను నీ అక్కనురా!"

"అవును."

"షానన్ వేరు, నేను వేరు కాదూ?"

"షానన్ ఆర్నెల్ల నుంచి బెల్ కొట్టలేదు," అన్నాడు ఎమ్రిస్. "నువ్వు అసలెప్పుడూ కొట్టలేదు."

గ్లెనిస్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఎప్పుడూ కొట్టలేదా? వస్తూనే ఫ్రిజ్ తీసి పాలు వాసన చూడటం, బుట్టలోంచి బట్టలు లాగి మెషీన్లో పడేయడం, కాలర్ అరిగిన చొక్కాలు అడక్కుండా సంచిలో వేసి దానమిచ్చేయడం. ఇన్నేళ్ళు చేసింది అదే. ప్రేమ కొద్దీ చేసింది. ప్రేమ కొద్దీ చేసేదానికి బెల్ ఏమిటని ఆమెకి ఏనాడూ తోచలేదు.

"పోతా," అంది. "నీ ఇల్లు నువ్వే ఏలుకో. నేను పోతా."

గేటుదాకా పోయింది కూడా. ఏడుపు వచ్చేస్తోంది, లినెట్ ముందు ఏడవడం ఇష్టం లేదు. గేటు మీద చెయ్యి వేసి వెనక్కి చూస్తే ఆ అరచెయ్యి అలాగే ఉంది. తుంపరకి తడుస్తోంది. చెయ్యి నొప్పి పుడుతోంది కాబోలు, రెండో చేత్తో లోపలి నుంచి మోచెయ్యి పట్టుకున్నాడు. అయినా తీయలేదు.

గ్లెనిస్ వెనక్కి వచ్చింది. తాళంచెవి ఆమె సొంత ఇంటి తాళాల రింగులోనే ఉంది. తీస్తుంటే రింగు విడదు, చలికి వేళ్ళు ఆడవు. ఒక గోరు విరిగింది. చివరికి ఊడింది. అరచేతిలో పెట్టి కూడా పట్టు వదల్లేదు. ఇది ఇచ్చేస్తే, వాడు పడిపోతే తప్ప పెట్టె ముట్టకూడదు; రాత్రి ఏ వేళ మెలకువ వచ్చినా తనంతట తాను వచ్చి చూసుకునే వీలుండదు.

ఎమ్రిస్ వేళ్ళు తాళంచెవితో పాటు ఆమె వేళ్ళని కూడా పట్టుకున్నాయి. వెచ్చగా ఉన్నాయి. వెంటనే వదల్లేదు.

"థాంక్యూ అక్కా," అని చెయ్యి లోపలికి తీసుకుని తలుపు వేసేశాడు.

గొలుసు చప్పుడు కోసం గ్లెనిస్ ఆగింది. చప్పుడు రాలేదు.

"ఇచ్చేశారా?" లినెట్ గేటు దగ్గర నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. "తెరుచుకున్న ఆ కాస్త సందూ మూసుకుపోయిందే! ఇప్పుడు అతను తీయకపోతే?"

గ్లెనిస్ వినిపించుకోలేదు. చెయ్యి చాచి బెల్ నొక్కింది. ఆ మోత ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ ఆమెకి తెలీదు. కాస్త కీచుగా, రెండుసార్లు మోగింది.

లోపల చెప్పులు ఈడ్చిన శబ్దం. "ఎవరు?"

"గ్లెనిస్‌ని."

"ఏం కావాలి?"

మాత్రలు, కౌల్, ఉతికే బట్టలు. ఎప్పుడూ చెప్పే కారణాలన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"నిన్ను చూద్దామని వచ్చా. లోపలికి రావచ్చా?"

లోపల గుసగుసలు. తర్వాత, "నువ్వొక్కదానివే," అని వినపడింది.

గొలుసు జారింది. తలుపు తెరుచుకుంది. నిలువెల్లా ఎమ్రిస్ కనపడగానే లినెట్ గట్టిగా ఊపిరి వదిలి, తనే ఒక అడుగు వెనక్కి వేసింది. జెర్సీ మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని ఉన్నాడు. ఇప్పుడే, తొందరగా తొడుక్కున్నాడు. కింది గుండీ పై కాజాలో పెట్టడంతో చొక్కా వంకరపోయింది. గ్లెనిస్ చెయ్యి దానంతటదే చొక్కా దాకా పోయింది. మధ్యలో ఆపుకుని, కౌల్ గిన్నె అతని చేతికిచ్చింది.

ముందు గదిలో సోఫా మీద ఒకామె కూర్చుని ఉంది.

చిన్న మనిషి. నలభై ఉండొచ్చు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంది. పక్కన ఎమ్రిస్ మాత్రల డబ్బా.

"ఈమె నెస్టా," అన్నాడు ఎమ్రిస్. "మేం మొక్కల నర్సరీలో కలిసి పనిచేస్తాం. కుండీలు."

"హలో అండీ," అంది నెస్టా. "ఆయన మాత్రలు వేసుకున్నాడు. నేను చూశాను. నేనూ వేసుకున్నాను, నావి."

గ్లెనిస్‌కి బుధవారం సంగతి ఇప్పుడు తెలిసింది. సోఫా, పాటలు, షానన్ వేసిన లైటు. ఎవరితో 'టైమైపోయింది' అన్నదో కూడా తెలిసింది.

"ఎప్పుడొచ్చావమ్మా?"

"నిన్న. బెల్ కొట్టే వచ్చాను," అంది నెస్టా కాస్త కంగారుగా.

"మీ ఇంట్లో తెలుసా?"

నెస్టా ఎమ్రిస్ వంక చూసింది. "పిన్ని ఇంట్లో ఉన్నానని చెప్పా. అమ్మకి నిజం చెబితే తీసుకుపోద్ది."

ఎమ్రిస్ గిన్నె బల్ల మీద పెట్టి, జేబులోంచి పిడికిలి తీశాడు. నెస్టా ముందు పిడికిలి విప్పి, "ఇది నీకు," అన్నాడు. "ఇది నీ తలుపు కూడా."

అక్క ఇచ్చిన తాళంచెవి. నెస్టా దాన్ని రెండు చేతులా తీసుకుంది. గ్లెనిస్‌కి గుండెలో ముల్లు దిగింది. అప్పుడే నెస్టా మొహం చూసింది. ఇంత మొహం చేసుకుని నవ్వుతోంది ఆ పిల్ల. ఆమెకి ఇంతవరకూ ఎవరూ తాళంచెవి ఇవ్వలేదని చూడగానే తెలుస్తోంది. గ్లెనిస్‌కి నొప్పీ ఉంది, సంతోషమూ ఉంది, ఏది ముందో తెలీక పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మోగింది.

నెస్టా తీసి చూసి, తెల్లబోయి, గ్లెనిస్ చేతిలో పెట్టేసింది. "మా అమ్మ. మీరు మాట్లాడండి. మీకైతే అమ్మలా మాట్లాడటం వచ్చు."

"హలో?" అనేలోపే అవతలి నుంచి గొంతు విరుచుకుపడింది. "నెస్టా! పిన్నికి ఫోన్ చేశానే! ఎక్కడ చచ్చావే?... ఎవరండీ మీరు? నా కూతురు ఎక్కడ? పక్కన దాన్ని చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా లేదా? అడ్రసు చెప్పండి, ఇప్పుడే వస్తున్నా."

ఆ గొంతులో వణుకు గ్లెనిస్‌కి బాగా తెలుసు. మార్చిలో ఫైరింజన్ వాళ్ళతో ఇలాగే అరిచింది.

"క్షేమంగా ఉందండీ," అంది. "ఒక్క నిమిషం." ఫోన్ గుండెకి అదుముకుని తమ్ముడి వంక చూసింది. "అడ్రసు అడుగుతోంది. చెప్పనా?"

ఎమ్రిస్ ఆలోచించాడు. "ఏడుస్తోందా?"

"ఏడవట్లేదు. ఏడవబోతోంది."

"రమ్మను."

"వద్దు!" నెస్టా లేచి నిలబడింది. కోటు గుండీలు పట్టుకుని, తాళంచెవి పిడికిట్లో బిగించి. "వద్దు ఎమ్రిస్. వస్తే నన్ను తీసుకుపోద్ది. నా తలుపు కూడా అన్నావుగా? నేను వద్దంటున్నా."

"పాపం, మీ అమ్మ..."

"వద్దన్నా!"

ఎమ్రిస్ నెస్టా పిడికిలి వంకా, ఫోన్ వంకా మార్చి మార్చి చూశాడు. ఇప్పుడే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేడు, ఏడవబోతున్న మనిషిని బయట నిలబెట్టలేడు. కిటికీ అవతల లినెట్ గడియారం చూపిస్తోంది. బ్రిడ్జెండ్‌కి ఏం చెప్పాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. గ్లెనిస్ గుండెల మీద ఫోన్ "హలో, హలో" అని అరుస్తూనే ఉంది.

"అక్కా," అన్నాడు ఎమ్రిస్. చిన్నప్పుడు బూటు లేసు ముడిపడిపోతే చూసిన చూపే. "ఇప్పుడేం చెయ్యాలి?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాడు ఆ మాట అడగడం, ఆమె ఠక్కున చెప్పడం. జవాబు ఇప్పుడూ నాలిక మీదే ఉంది. చెబితే వింటాడు.

"నాకు తెలీదురా," అంది గ్లెనిస్. "ఇల్లు మీది. మీరిద్దరూ తేల్చుకోండి. అందాకా ఈవిడని నేను ఆపుతా."

ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.